పండ్ల పద్దు: నారింజ ఎగుమతుల్లో నంబర్ వన్ ఎవరు?

(విజయవాడ కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్‌లో ఏళ్ల తరబడి కమీషన్ వ్యాపారం చేసి, ఇప్పుడు కొట్టు కొడుక్కి అప్పగించిన వ్యాపారి ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు. ఈసారి ఉత్తరాలన్నీ నారింజ, బత్తాయి, నిమ్మ, కమలాల మీదే.)

ప్రశ్న: బీకామ్ చదువుతున్నాను. సిట్రస్ పండ్ల ఎగుమతుల మీద ప్రాజెక్టు రాయమన్నారు. ఒక పట్టికలో స్పెయిన్ మొదటిది, ఇంకోదాంట్లో ఈజిప్ట్, మరోచోట బ్రెజిల్. పండించడంలో చైనా ఫస్ట్ అంటారు గానీ ఎగుమతుల్లో ఎక్కడో కింద ఉంది. నెదర్లాండ్స్ మాత్రం పైవరుసలోనే ఉంది. అక్కడ నారింజ పండుతుందా? వీటిలో ఏది రాయాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అన్నీ నిజమేనమ్మా. ఒక్కో పట్టిక ఒక్కోదాన్ని లెక్కగట్టింది, అంతే. ముందు పట్టిక నెత్తిన ఏం రాశారో చూడు. డబ్బా, టన్నులా? తాజా పండా, రసమా? సిట్రస్ మొత్తమా, ఒక్క నారింజేనా? కస్టమ్స్ వాళ్ల పద్దులో తాజా సిట్రస్ పండ్లకు 0805 అని ఒక కోడ్, పండ్ల రసాలకు 2009 అని వేరే కోడ్ ఉంటాయి. ఈ రెండూ కలిపేశావంటే ప్రాజెక్టు మొత్తం కిచిడీ అవుతుంది.

తాజా పండ్లన్నీ కలిపి డబ్బు లెక్కన చూస్తే స్పెయిన్. అక్కడ ఏటా అరవై లక్షల టన్నులకు అటూ ఇటూగా పండుతుంది, అందులో సగానికి పైగా దేశం దాటుతుంది. వాళ్లకున్న పెద్ద సౌకర్యం ఏమిటంటే ఓడ ఎక్కించే పని లేకపోవడం. వాలెన్సియాలో కోసిన కాయ లారీలో రెండు మూడు రోజులకే జర్మనీ సూపర్ మార్కెట్లో ఉంటుంది. అందరూ యూరోపియన్ యూనియన్ వాళ్లే కాబట్టి మధ్యలో సుంకం లేదు, సరిహద్దులో కాయ కోసి చూసేవాడు లేడు. వాలెన్సియా రైతులంటే వందల ఎకరాల ఆసాములనుకోకు. రెండున్నర ఎకరాలు కూడా లేనివాళ్లే అక్కడ చాలామంది. సహకార సంఘం వాళ్లే కోయించి, కడిగించి, సైజు కట్టి అమ్మిపెడతారు. ఈ సంగతి నీ ప్రాజెక్టులో తప్పకుండా రాయి, మన రైతులకు పనికొచ్చే ముక్క అదే.

ఒక్క నారింజనే తీసుకుని టన్నుల్లో తూస్తే ఈజిప్ట్ ముందుంటుంది. 2016 నవంబర్‌లో వాళ్ల పౌండును ప్రభుత్వం పట్టుకోవడం మానేసింది. దాంతో దాని విలువ ఒక్కసారిగా సగానికి పడిపోయింది. బయట కొనేవాడికి ఈజిప్ట్ సరుకు కారుచౌక అయింది. నైలు నీళ్లు పెట్టి, డ్రిప్ వేసి, నుబారియా వైపు ఎడారిని తోటలు చేసుకున్నారు. సరుకు ఎక్కువ, రేటు తక్కువ. అందుకే టన్నుల్లో పైన, డాలర్లలో స్పెయిన్ కింద.

నీ ఉత్తరంలో దక్షిణాఫ్రికా పేరే లేదు. అది లేకుండా ఈ లెక్క తేలదు. తాజా సిట్రస్ ఎగుమతుల్లో స్పెయిన్ తర్వాత చెప్పుకోవలసింది ఆ దేశాన్నే. వాళ్ల లెక్క టన్నుల్లో కాదు, 15 కిలోల పెట్టెల్లో ఉంటుంది. 2023లో పదహారున్నర కోట్ల పెట్టెలు పంపారు, 2025లో ఇరవై కోట్లు దాటారు. పండించిన దాంట్లో సింహభాగం బయటికి పంపడానికే. భూమధ్యరేఖకు కింద ఉన్నారు కాబట్టి మనకు ఎండాకాలం అయిపోయేసరికి వాళ్లకు కోతలు ఊపందుకుంటాయి. స్పెయిన్, ఈజిప్ట్ చేతులు ఖాళీ అయిన నెలల్లో మార్కెట్ వాళ్లదే.

బ్రెజిల్ నారింజ పండించడంలో ప్రపంచంలోనే పెద్దది, కానీ పండుగా పంపేది నామమాత్రం. అక్కడి కాయ ఫ్యాక్టరీకి పోతుంది. దేశాలు దాటే నారింజ రసంలో నాలుగింట మూడొంతుల దాకా వాళ్లదే. ఇక చైనా అన్ని రకాలూ కలిపి నాలుగు కోట్ల టన్నులకు పైనే పండించి, వందలో రెండు మూడు టన్నులు కూడా బయటికి వదలదు. జనం ఉన్నారు, తింటారు.

నెదర్లాండ్స్‌లో నారింజ చెట్టు కనబడాలంటే గాజు గదిలో చూడాలి. అయితే అక్కడ రాటర్‌డామ్ రేవు ఉంది. దక్షిణాఫ్రికా, ఈజిప్ట్ సరుకు అక్కడ దిగి, మళ్లీ లారీలెక్కి పక్క దేశాలకు పోతుంది. పోయేటప్పుడు డచ్ ఎగుమతి కింద రాస్తారు. అంటే ఒకే పెట్టె రెండు దేశాల ఖాతాలో పడుతుంది. నువ్వు ప్రపంచ మొత్తం కూడేటప్పుడు ఈ మెలిక గుర్తుంచుకో. ఇంకో మాట: ఉత్తర దేశాల సీజన్ ఒక ఏడాది చివర్లో మొదలై మరుసటి ఏడాదిలో ముగుస్తుంది. ఒక పట్టికలో 2023-24 అని, ఇంకోదాంట్లో 2024 అని ఉంటే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకు.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో ఈజిప్ట్ నారింజలు కొన్నాను. అంత దూరం నుంచి వచ్చి కూడా మన బత్తాయి పక్కనే నిలబడి అమ్ముడుపోతున్నాయి, ఎలా? నిగనిగలాడుతున్నాయి, మైనం పూశారేమో అని భయంగా ఉంది. తొక్క ఎండబెట్టి సున్నిపిండిలో కలుపుతాను, ఫర్వాలేదా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ముందు సున్నిపిండి సంగతి చెబుతానమ్మా. దిగుమతి నారింజ తొక్క దానికి వద్దు. ప్యాకింగ్ షెడ్డులో కాయను కడిగినప్పుడు దాని ఒంటి మీదుండే సహజమైన మైనం పోతుంది. అలా వదిలేస్తే కాయ వడిలిపోతుంది కాబట్టి తినదగిన మైనమే మళ్లీ పల్చగా పూస్తారు. దానితో భయం లేదు. కానీ బూజు పట్టకుండా తొక్క మీద మందు కూడా కొడతారు. తొక్క ఒలిచి తొనలు తినేవారికి ఇబ్బంది లేదు, పిల్లలకు పెట్టే ముందు కాయ కడిగి ఒలవండి. ఒంటికి రుద్దుకోవడానికి మాత్రం మన కమలా తొక్కే ఎండబెట్టుకోండి. స్టిక్కర్ మీది నాలుగంకెల కోడ్ చూసి దేశం పేరు చెప్పేస్తామనేవాళ్లను నమ్మకండి. అది పండు రకం, సైజు చెబుతుంది, దేశం పేరు విడిగా రాసి ఉంటే ఉన్నట్టు. ముందు 9 చేర్చి ఐదంకెలుంటే ఆర్గానిక్ అని అర్థం.

దూరం విషయానికొస్తే, నలభై అడుగుల చల్లని కంటైనర్ ఒకదాంట్లో 15 కిలోల పెట్టెలు 1,600 దాకా పడతాయి. అంటే 24 టన్నులు. ఓడ కిరాయిని అన్ని కిలోల మీద పంచితే మనం అనుకున్నంత బరువు ఉండదు. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు కాబట్టి బండివాడికి ఏరివేత లేదు, కుళ్లు తక్కువ. మన బత్తాయిలో మాత్రం బస్తా విప్పగానే కొన్ని పక్కన పెట్టాల్సిందే. అయితే ఓడ దారి బాగుంటేనే ఇదంతా. 2023 ఆఖర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చాయి. ఈజిప్ట్ నారింజకు ఆసియా దారి అదే కదా. పండు మీద రోజులు పెరిగాయి, కిరాయి పెరిగింది. సంక్రాంతి దాటాక ఎండాకాలం దాకా మీరు కొట్లో చూసేవి ఎక్కువగా ఈజిప్ట్‌వి. వానాకాలంలో కనబడేవి దక్షిణాఫ్రికావి అయ్యుంటాయి.

ప్రశ్న: ఆ మధ్య నారింజ జ్యూస్ ప్రపంచమంతా మండిపోయిందన్నారు. యుద్ధం వల్లా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: యుద్ధం కాదండీ, చిన్న పురుగు. ఆకుల మీద వాలి రసం పీల్చే సిల్లా పురుగు గ్రీనింగ్ అనే తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. కాయ పెరగదు, ఒక పక్క పచ్చగానే ఉండిపోయి చేదెక్కి రాలిపోతుంది. మందు లేదు. అమెరికాలో ఫ్లోరిడా 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించింది (అక్కడి పెట్టె 15 కిలోలది కాదు, ఇంకా పెద్దది). 2005లో ఈ తెగులు బయటపడింది. ఆ పైన తుపాన్లు. 2024-25కి వచ్చేసరికి కోటీ ఇరవై లక్షల పెట్టెలు. ఇరవయ్యేళ్లలో ఇరవయ్యో వంతు అయిపోయింది. దానికి తోడు బ్రెజిల్‌లో సావో పాలో తోటలకూ అదే తెగులు, కరువు. బ్రెజిల్ వాళ్లు రసంలో నీళ్లు ఇగిరించి ఆరో వంతుకు కుదించి, ట్యాంకర్ ఓడల్లో పంపుతారు. ఆ చిక్కటి రసానికి న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో పౌండు బరువు (అరకిలోకు కాస్త తక్కువ) ధర 2024లో అయిదు డాలర్లు దాటింది. అంతకుముందు చాలా ఏళ్లు డాలరు, డాలరున్నర దగ్గర ఉన్న సరుకది. ప్రపంచం ఒకే దేశం రసం తాగుతుంటే ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: మాకు మాచర్ల దగ్గర బత్తాయి తోట ఉంది. కాయ తీపి, రసం బాగా వస్తుంది. కానీ దళారి తోట మీదికొచ్చి టన్నుకు ఇంతని తనే రేటు చెప్పి ఎత్తుకుపోతాడు. ఈజిప్ట్‌వాడు మన ఊళ్లో అమ్ముకుంటున్నాడు, మన బత్తాయి ఓడ ఎందుకెక్కదు?
– ఒక రైతు, పల్నాడు

జవాబు: నేనూ ఆ దళారుల జాతివాణ్ణే కాబట్టి నా మాట కాస్త జల్లెడ పట్టి తీసుకోండి. మీ కాయ మంచిది. కానీ అది మన నోటికి, మన జ్యూస్ బండికి పుట్టిన కాయ.

మొదటి అడ్డు రంగు. రాత్రిళ్లు పదమూడు, పద్నాలుగు డిగ్రీలకు చలి దిగితేగానీ నారింజ జాతి తొక్కలో పచ్చదనం విరగదు. స్పెయిన్‌లో ఆ చలి ఉంది. ముందుగా కోసిన కాయకైతే గదిలో ఎథిలీన్ వాయువు పెట్టి రంగు తెప్పిస్తారు. మన దగ్గర రాత్రి కూడా ఉక్కపోతే. లోపల పండి తీపెక్కిన బత్తాయి పైకి పచ్చగానే ఉంటుంది. మనకు అలవాటు కాబట్టి కొంటాం. జర్మనీ ఇల్లాలు అది పచ్చి కాయ అనుకుని పక్కన పెడుతుంది. సాత్‌గుడిని, అంటే మన బత్తాయి రకాన్ని, గదిలో పెట్టినా పసుపు వరకు వస్తుంది, ఆ ఎర్రటి నారింజ రంగు రాదు.

రెండోది గింజ. తినే పండుగా అమ్మాలంటే గింజ ఉండకూడదు, తొక్క చేత్తో ఊడిరావాలి. ఇప్పుడు అన్ని దేశాలూ నాటుతున్నవి అవే: గింజలేని కమలాలు, నావెల్ నారింజలు. సాత్‌గుడి తొక్క గట్టిగా పట్టుకుని ఉంటుంది, తొనకో గింజ. జ్యూస్ మిషన్‌కు గింజతో పనిలేదు, అందుకే మన కాయకు మొగుడు జ్యూస్ బండివాడే.

మూడోది పండు ఈగ. ఈగ ఉన్న దేశం నుంచి కాయ రావాలంటే చాలా దేశాలు కంటైనర్‌లో సున్నా డిగ్రీల పక్కన రెండు మూడు వారాలు ఉంచి తెమ్మంటాయి. ఆ చలికి పురుగు గుడ్డు చస్తుంది. కాయ తట్టుకోవాలి కదా! కొన్ని రకాలకు తొక్క మచ్చలు పడిపోతుంది. ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. కాయతొలిచే ఒక పురుగు పేరు చెప్పి యూరప్ 2022లో దక్షిణాఫ్రికాకు చలి నిబంధనలు బిగించింది. అప్పటికే సముద్రం మీదున్న కంటైనర్లు రేవుల్లో ఆగిపోయాయి. దాని మీద దక్షిణాఫ్రికా అదే ఏడాది ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. కోట్ల పెట్టెలు పంపేవాడికే ఈ తిప్పలుంటే, ఒక్క లోడుతో వెళ్లే మీ సంగతి ఆలోచించండి.

నాలుగోది మీ చేతిలో ఉన్నదే, కోత. మన కూలీ కాయను పట్టుకుని మెలితిప్పి లాగుతాడు. తొడిమ దగ్గర బొత్తాములా ఉండే ఆకుపచ్చ బిళ్ల ఊడి వస్తుంది, చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలోంచే బూజు దిగుతుంది. మార్కెట్‌లో నేను బస్తా విప్పి చూసేది ముందు ఆ తొడిమే. బిళ్ల ఉన్న కాయ వారం ఆగుతుంది, ఊడిన కాయ మూడో రోజుకి మెత్తబడుతుంది. ఎగుమతి తోటల్లో పొట్టి కత్తెరతో తొడిమ కొస కాయకు అంటించి కత్తిరిస్తారు. గోరు గీసుకోకుండా చేతికి తొడుగు వేసుకుంటారు. మంచు ఆరేదాకా, వాన తడి ఉన్నంతసేపూ చెట్టు ముట్టుకోరు. మన దగ్గర తెల్లారుజామునే కోసి, లారీలో గడ్డి పరిచి కాయ మీద కాయ పోసి, పైన మనిషి కూర్చుని వస్తాడు. అడుగున ఉన్న కాయ మీద ఎంత బరువుందో చెప్పక్కర్లేదు.

అయినా మీరు ఓడ కోసం బెంగపెట్టుకోవద్దనే అంటాను. ఎగుమతి గొప్పా, ఇంట్లో అమ్మకం చిన్నా కాదు. మీ కాయనే ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్‌లో మోసంబి అని పిలిచి కొంటారు. ఆ ఢిల్లీ ఒక్కటే ఎన్నో దేశాల పెట్టు. బయటి గిరాకీ ఒక్కచోటే ఉంటే ఏమవుతుందో నాగపూర్ కమలా రైతుల్ని అడగండి. వాళ్లకు పెద్ద గిరాకీ బంగ్లాదేశ్. 2019 నుంచి అక్కడి ప్రభుత్వం దిగుమతి సుంకం ఏటేటా పెంచుకుంటూ పోయింది. లారీలు తగ్గిపోయాయి, సరుకంతా మన మార్కెట్ల మీదే వచ్చి పడి రేటు విరిగింది.

కాబట్టి చుట్టుపక్కల నలుగురు రైతులు కలవండి. కత్తెర్లు కొనండి, అవి పెద్ద ఖర్చు కాదు. కాయను మూడు సైజులుగా విడదీసి బాక్సుల్లో ఢిల్లీకి ఒక లోడు పంపి చూడండి. మీ కాయ తొడిమతో, దెబ్బ లేకుండా దిగిందని తెలిస్తే రెండో లోడుకు వాళ్లే ఫోన్ చేస్తారు, రేటు మీరు చెప్పొచ్చు. అప్పుడు తోట మీదికొచ్చే దళారి కూడా మాట మారుస్తాడు. మా వాళ్ల సంగతి నాకు తెలుసు. గల్ఫ్‌కు పంపాలన్న ఆశ తీరకపోతే అపెడాలో (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పేరు నమోదు చేయించుకున్న ఎగుమతిదారు ద్వారానే వెళ్లండి. కాయకు పురుగూ తెగులూ లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఎవరు తీస్తారో, కాయ అక్కడ పాడైతే నష్టం ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకోండి. ‘చూసుకుందాంలే అన్నా’ అనేవాడితో వద్దు.

ప్రశ్న: నిమ్మలో మన దేశమే ప్రపంచంలో మొదటిదంటారు. మా తెనాలి యార్డు నుంచి లారీలు ఉత్తరాదికే పోతాయి గానీ విదేశాలకు పోవు. మెక్సికో మాత్రం నిమ్మ మీద డాలర్లు సంపాదిస్తోంది. తేడా ఎక్కడుంది?
– ఒక లారీ యజమాని, తెనాలి

జవాబు: నిమ్మ జాతులన్నీ కలిపి లెక్కేస్తే మనమే మొదటివాళ్లం, ఏటా ముప్పై అయిదు లక్షల టన్నుల చుట్టూ ఉంటుంది. గూడూరు, పొదలకూరు, ఏలూరు, మీ తెనాలి, అన్నీ అందులోవే. మనది పల్చటి తొక్క కాగ్జీ నిమ్మ. వాసనలో, పులుపులో దానికి సాటి లేదు. కానీ నాలుగు రోజులకు పసుపెక్కి, వారానికి వడిలిపోతుంది. మెక్సికోలో వెరాక్రూజ్ వైపు ఎగుమతికి వేసేది పర్షియన్ నిమ్మ. కాయ పెద్దది, గింజ ఉండదు, తొక్క దళసరి, పచ్చగా ఉండగానే అమ్మాలి, చాలా రోజులు పచ్చగానే ఉంటుంది.

వాళ్లకు కలిసొచ్చిందీ ఉంది. ఒకప్పుడు ఫ్లోరిడాలోనే నిమ్మ తోటలుండేవి. 1992లో ఆండ్రూ తుపాను వాటిని ఊడ్చేసింది. మిగిలినవాటిని గజ్జి తెగులు నిర్మూలన పేరుతో తర్వాత నరికేశారు. 1994 నుంచి మెక్సికోకు అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. సరిహద్దు దాటితే టెక్సాస్. అంత పెద్ద గిరాకీదారు గుమ్మం ముందుంటే లారీ చాలు, మీలాంటివాళ్లే అక్కడ ఎగుమతి చేస్తున్నారు.

మన చిక్కు ఇంకోటుంది. ఎండాకాలంలో నిమ్మకు మన ఊళ్లోనే ఎదురులేదు. 2022 ఏప్రిల్‌లో కిలో రెండొందలు దాటినప్పుడు ఎగుమతి మాట ఎవరైనా ఎత్తారా? వానలు పడ్డాక కోత కూలి కూడా రాక చెట్టు కిందే వదిలేస్తారు. విదేశీ కొనుగోలుదారుకు ఈ ఊగిసలాట పనికిరాదు. నెలనెలా ఒకే రేటుకు, ఒకే సైజు కావాలంటాడు. టర్కీ అంతటిది కూడా 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ సొంత జనానికి సరిపోదేమోనని అనుమతి లేనిదే నిమ్మ బయటికి పోకూడదని కట్టడి పెట్టింది. అది తప్పనను, కానీ అలాంటిది రెండుసార్లు జరిగితే కొనేవాడు వేరే కొట్టు చూసుకుంటాడు.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్‌లో ఉంటాడు. అక్కడ పాకిస్తాన్ కిన్నో చాలా దొరుకుతుందట. ఆ పండు వాళ్లదేనా? మన దగ్గర ఉండదా?
– ఒక పెద్దావిడ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పుట్టుక ఇద్దరిదీ కాదమ్మా, అమెరికాది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ పరిశోధన కేంద్రంలో రెండు కమలా రకాలు కలిపి తయారు చేసి 1935లో బయటపెట్టారు. దేశం విడిపోక ముందే పంజాబ్‌కు వచ్చింది. ఇప్పుడు అటు సర్గోధా, ఇటు మన అబోహర్, ఫాజిల్కా. పాకిస్తాన్ సిట్రస్ ఎగుమతంతా దాదాపు ఈ ఒక్క పండు మీదే నడిచింది. గల్ఫ్, అఫ్గానిస్తాన్, రష్యా దాకా పంపారు. ఈ మధ్య అది తగ్గుతోంది. దశాబ్దాలుగా అదే రకం, గింజలెక్కువ, తోటలు ముసలివైపోయాయి. పక్కనుంచి మొరాకో, ఈజిప్ట్, టర్కీ గింజలేని పండు తెచ్చాయి. మన కిన్నో సంక్రాంతి తర్వాత విజయవాడకు లారీల మీద వస్తుంది, కొట్లో కమలా అనే అమ్ముతారు. మీరు ఈపాటికే తినుంటారు. ఒలిచి తింటే నోటినిండా గింజలు, మీకు పళ్లు సున్నితమైతే రసం తీయించుకుని తాగండి, కిన్నో రసం చాలా బాగుంటుంది. తీసిన వెంటనే తాగేయండి, కాసేపుంచితే చేదెక్కుతుంది.